బిడ్డ కూటి బాకీ

దీపావళి గడచినది మొదలు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల పల్లెలలో ఇండ్లకు తాళములు వ్రేలాడును. మిరపకోతకు గుంటూరు సీమకును, కట్టడపు పనులకు బెంగుళూరు, హైదరాబాదులకును జనము తరలిపోవుదురు. దీనినే యిచ్చట సుగ్గికి పోవుట యందురు. కూలీలను కొనిపోవు మేస్త్రీ ముందుగా బయానా యిచ్చును. ఇచ్చిన రూపాయి యెవనిదగ్గఱ నున్నదో, వాడే గుడిసెలో పరుండునో, ఏ తోటలో కాయ కోయునో అంతయు వాని లెక్కలో నుండును, చిల్లిగవ్వయైనను పోనీయడు. మేస్త్రీకి చిక్కిన ఆ మనుష్యుడే, తాను విడిచిపోయిన బిడ్డకు నెలకింత యిమ్మని మేజిస్ట్రేటు ఉత్తరువు చేసినపుడు సర్కారునకు చిక్కడు. “ఆచూకీ తెలియలేదు” అను రెండు మాటలతో వారంటు వెనుకకు వచ్చును. మేస్త్రీ యెఱిగిన చిరునామా ప్రభుత్వ మెఱుగదా?

నా తరగతిలో ఒక బాలిక యున్నది. తల్లి ఎమ్మిగనూరులో మగ్గముల వారికి కండెలు చుట్టి జీవించును. తండ్రి నాలుగేండ్ల క్రిందట వెడలిపోయెను. బిడ్డకు నెలకు 2,500 రూపాయలు చెల్లింపవలయునని ఉత్తరువు వచ్చినది. మూడు నెలలు చెల్లించి మానివేసెను. ఆపై వాయిదాలు. “సారూ, వాయిదాకు పోతే ఆ పొద్దు కూలి పాయె, పోకుంటే కేసే పాయె,” అని యామె నాతో ననినది. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి తేరునాడు ఆ పురుషుడు క్రొత్త చొక్కా తొడిగికొని జాతరలో తిరుగుచుండగా నేనే చూచితిని. ఊరివారందఱకును కనబడినవాడు వారంటునకు మాత్రము కనబడడాయెను. ఏ ఠాణావారి వారంటో చెప్పను. ఒక్క ఠాణా మాట కాదు గనుక.

శాసనము లేదా యందురేమో. కావలసినంత యున్నది. తెల్లవారి నాడు 1898 సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 488వ సెక్షనే యీ భారమును తండ్రిపై నుంచినది. పిదప 1973 నాటి కోడున నది 125వ సెక్షనైనది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. బిడ్డ పెండ్లి వలన పుట్టినను, పెండ్లి లేక పుట్టినను హక్కు సమానమే. తల్లి తానున్న చోటనే దరఖాస్తు పెట్టవచ్చును. స్త్రీలకును బాలురకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు నీయవలసినదని 1987 నాటి న్యాయసేవాధికార శాసనము చెప్పుచున్నది. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను త్రోవ చూపుదురు. మన యిండ్లలో పనిచేయు స్త్రీలకు ఈ సంఖ్య తెలియదు. చదువుకొన్న మనమైనను చెప్పితిమా?

లోపము ఉత్తరువునందు లేదు, వసూలునందున్నది. మధ్యంతర భృతి దరఖాస్తును వీలైనంతవఱకు 60 దినములలో తేల్చవలయునని శాసనము. ఆ 60 దినములు నోటీసు అందిన నాటినుండి. నోటీసే అందనివానికి దినము లెప్పుడు మొదలగును? 2020లో రజనీష్, నేహా వ్యాజ్యమున సుప్రీముకోర్టు భృతిని దరఖాస్తు నాటినుండియే లెక్కింపవలసినదని తీర్పుచేసినది, అది మేలే. కాని చెల్లింపని నెలలకు తల్లియే మరల దరఖాస్తు పెట్టవలయును, అదియు బాకీపడిన యేడాదిలోపున. గడువు తప్పినచో వారంటు లేదు. ఎగవేసినవాడు ఇంటనుండును, రాబట్టవలసినది తిరుగుచుండును.

ఇదే ప్రభుత్వమునకు రావలసిన పన్ను బాకీపడినచో రైతు కచ్చేరీ చుట్టు తిరుగునా, కచ్చేరీయే రైతు నింటికి వచ్చునా? చెన్నపట్టణపు దొరతనమువారు 1864లోనే రెవెన్యూ రికవరీ శాసనము చేసిరి. ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో నుండగను అది యుండెను. 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరిన పిదపను ఉన్నది. శిస్తు బాకీకి ఆస్తి జప్తుచేయు నేర్పు నూటయఱువదేండ్లుగా గలవారికి పసిబిడ్డ కూటి బాకీ వసూలుచేయ చేతకాదనుట నమ్మదగిన మాట కాదు. వృద్ధుల పింఛనును ఒకటవ తేదీన వాకిటికి తెచ్చి యిచ్చు ప్రభుత్వమే యిది. కోర్టు నిర్ణయించిన మొత్తమును ఆ తేదీనే తల్లి చేతికిచ్చి, తండ్రివద్ద తాను రాబట్టుకొనవలయును. స్వీడను దేశమువారు 1937లోనే యిట్టి శాసనము చేసిరి; జర్మనీలో 1980 నుండి అమలున నున్నది. ఇంగ్లండు 1993లో పెట్టిన వసూలు సంస్థ లెక్కలు చెడి, బాకీలు పేరుకొని, తుదకు దాని స్థానమున వేఱొకదానిని పెట్టవలసివచ్చినది. ఆ చిక్కును చూచి జాగ్రత్తపడుదము గాని మానుకొనుట కది సాకు కారాదు.

మిషన్ వాత్సల్య పథకమున విడువబడిన తల్లుల బిడ్డలకు నెలకు 4,000 రూపాయల సాయము 2022 నాటి నియమములలో గలదు గదా యని యొక మిత్రుడు వాదించెను. ఆదాయపు హద్దునకు లోబడిన బిడ్డలకు తప్పక అడిగి యిప్పింపుడు. కాని యది దానము; నేనడుగునది ఋణము. పేదవాడెట్లు చెల్లించునని మఱియొకరు. సుగ్గి ముగిసి కూలి చేతికందిన నాడు మేస్త్రీ తన బయానా విఱుచుకొనుట లేదా? ఆ పేదఱికము వానికి అడ్డురాలేదు.

పేదల మాటయే చెప్పి తప్పించుకొనుట న్యాయము కాదు. శకుంతల కొడుకును వెంటబెట్టుకొని సభలో నిలిచినపుడు దుష్యంతుడు ఎఱిగియుండియు ఎఱుగననెను. ఆకాశవాణి పలికిన పిమ్మట, లోకులు శంకింతురని యట్లంటినని చెప్పుకొనెను. మన పెద్దమనుష్యులును ఆ లోకుల పేరే చెప్పి “కోర్టు కెక్కకమ్మా, సర్దుకో” యని ఆడుబిడ్డకు బుద్ధి చెప్పుదురు. నా తోటి యుపాధ్యాయు డొకడు తన బిడ్డకు 3,000 రూపాయ లీయనని మూడేండ్లు వ్యాజ్యమాడెను. ఆ మూడేండ్లును సహకార సంఘపు ఋణము మాత్రము ఒక్క నెలయు తప్పక కట్టెను. జీతమునుండి విఱుచుకొనుచుండిరి గనుక. ఆ ఋణమునకు జామీను సంతకము చేసినవారిలో నేనును ఒకడను. నాడు బిడ్డ మాట మాలో నొక్కరమును ఎత్తలేదు.

ఆ బాలిక తల్లికి పాత నెలల బాకీలో మొదటిదానికి యేడాది గడువు వచ్చు నెలతో తీఱును. దరఖాస్తు నిన్న రాత్రి వ్రాసి యిచ్చితిని. అందు తండ్రి చిరునామా వ్రాయుటకు మేస్త్రీని అడిగితిమి. అతడు తడుముకొనక చెప్పెను.