సరిహద్దు దాటిన ‘గోదావరి’

గోదావరి అనగానే పాపికొండలు, పుష్కరాలు, ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తాయి. అదే పేరుతో ఓ యుద్ధనౌక ఉండేదనీ, జర్మనీ జలాంతర్గామిని ముంచడంలో దానికీ వాటా ఉందనీ, చివరికది పాకిస్థాన్‌ వెళ్లిపోయిందనీ చాలామందికి తెలియదు.

రెండో ప్రపంచయుద్ధం నాటి మాట. సరుకుల ఓడలు ఒంటరిగా వెళ్తే జలాంతర్గాములకు సులువుగా చిక్కేవి. అందుకే వాటిని గుంపులుగా పంపేవారు. చుట్టూ కాపలాగా చిన్న యుద్ధనౌకలు వెళ్లేవి. వాటిల్లో ఓ రకం పేరు ‘స్లూప్‌’. నాటి రాయల్‌ ఇండియన్‌ నేవీ కోసం బ్రిటన్‌లో కట్టిన ఆరు స్లూప్‌లకు మన నదుల పేర్లు పెట్టారు. సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి... అవీ ఆ పేర్లు.

ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో థోర్నీక్రాఫ్ట్‌ సంస్థ కట్టిన ‘గోదావరి’ 1943 జనవరిలో నీళ్లలోకి దిగింది. జూన్‌లో విధుల్లో చేరింది. పొడవు సుమారు 300 అడుగులు. ఆరు ఫిరంగులూ, నీటి అడుగున పేలే డెప్త్‌ ఛార్జీలూ దాని ఆయుధాలు.

ఆ నౌకకు అసలు పరీక్ష 1944 ఆగస్టులో ఎదురైంది. హిందూ మహాసముద్రంలో తిరుగుతున్న యు-198 అనే జర్మనీ జలాంతర్గామి అప్పటికే 11 ఓడల్ని ముంచింది. దానికోసం విమానాలతో, నౌకలతో వేట మొదలైంది. ఆగస్టు 12న సీషెల్స్‌ దీవుల దగ్గర బ్రిటిష్‌ నౌక ‘ఫిండ్‌హార్న్‌’, మన ‘గోదావరి’ కలిసి దాని ఆనవాలు పట్టాయి. ఒకేసారి 24 బాంబుల్ని ముందుకు విసిరే ‘హెడ్జ్‌హాగ్‌’తో దాడి జరిగింది. జలాంతర్గామి మళ్లీ పైకి రాలేదు. అందులోని 66 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ ప్రాంతంలో తిరిగే ఓడలకు మాత్రం ఓ గండం గడిచింది.

మూడేళ్లు తిరిగేసరికి దేశం రెండయింది. ఆఫీసుల్లోని బల్లలూ కుర్చీలూ కూడా లెక్కపెట్టి పంచుకున్న రోజులవి. నౌకల్నీ పంచారు. ఆరు స్లూప్‌లలో నాలుగు భారత్‌కు వచ్చాయి. గోదావరి, నర్మద పాకిస్థాన్‌కు వెళ్లాయి. ఆ రెండు నదుల నీళ్లు ఒక్క చుక్కయినా అక్కడ పారవు కదా! అందుకే పేర్లు మార్చారు. నర్మద ‘జీలం’ అయింది. గోదావరి ‘సింధ్‌’ అయింది. ఆ పేరుతోనే పదేళ్లు పైగా ఉండి, 1959లో తుక్కు కింద అమ్ముడుపోయింది.

పేరును మాత్రం భారత్‌ వదులుకోలేదు. 1953లో బ్రిటన్‌ నుంచి తెచ్చుకున్న ఓ డిస్ట్రాయర్‌కు గోదావరి అని పెట్టింది. తర్వాత ముంబయిలోని మజగావ్‌ డాక్‌లో కట్టిన యుద్ధనౌకకూ అదే పేరు. 1983లో చేరిన ఆ నౌక 2015 దాకా సేవలందించింది. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటుకు దిగి, బందీలతో ఓడలో పారిపోతున్న కిరాయి సైనికుల్ని పట్టుకుంది ఇదే.

మరి, యు-198ని ముంచిన ఘనత ఇప్పుడు ఎవరిది? భారత్‌దా, పాకిస్థాన్‌దా? ఆ రోజు గోదావరి మీదున్న భారతీయ నావికులకు ఈ ప్రశ్నే అర్థమయ్యేది కాదు. అప్పటికి వాళ్లందరిదీ ఒకటే దేశం!