నిషేధం పెంచిన సభలు

రాయచూరు తాలూకాలోని కల్మలకు 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం రాలేదు. తుంగభద్రకు ఆవల, కర్నూలు, బళ్లారి జిల్లాల్లో మూడు రంగుల జెండా ఎగిరింది. ఈవల నిజాం ఏలుబడి మరో పదమూడు నెలలు సాగింది.

హైదరాబాద్ సంస్థానంలో జాతీయోద్యమాన్ని భాషల వారీ సభలు చీల్చాయన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. నాకది తలకిందుల వాదన అనిపిస్తుంది. అక్కడ సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సర్కారు అనుమతి తీసుకోవాలి. రాజకీయమంటే అనుమతి దొరకదు. గ్రంథాలయం, భాష, సంఘ సంస్కరణ అంటే కాస్త చూసీచూడనట్టు వదిలేసేవారు. ఆ సందులోంచే జనం దూరారు. 1921లో హైదరాబాద్ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన అదే ఆంధ్ర మహాసభగా నిలబడింది. మరాఠీ, కన్నడ ప్రాంతాల్లో పరిషత్తులు తర్వాత వచ్చాయి.

కాంగ్రెస్ ఏం చేసింది? 1938 హరిపుర సభలో, సంస్థానాల ప్రజలు తమ పోరాటం తామే నడుపుకోవాలనీ, కాంగ్రెస్ పేరు మీద కాదనీ తేల్చింది. అదే ఏడాది ఈ మూడు భాషల వారూ కలిసి హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పెట్టుకోబోతే, ఇంకా పుట్టకముందే సెప్టెంబరులో నిజాం సర్కారు నిషేధించింది. అక్టోబరులో సత్యాగ్రహం మొదలైంది. ఆర్యసమాజ సత్యాగ్రహమూ అప్పుడే సాగుతుండటంతో రెంటినీ ఒకే గాటన కట్టి మతోద్యమమని ముద్ర వేయడం సర్కారుకు తేలికైంది. గాంధీ సలహాపై డిసెంబరులోనే స్టేట్ కాంగ్రెస్ ఆగిపోయింది. నిషేధం 1946 దాకా తొలగలేదు. కలిసి కూర్చునే ఒక్క వేదికకూ తాళం వేస్తే, ఎనిమిదేళ్లు విడివిడి సభలు తప్ప ఇంకేం మిగులుతాయి?

అప్పటి రాయచూరు జిల్లాలో కన్నడ తాలూకాలతో పాటు తెలుగు మాట్లాడే గద్వాల, ఆలంపూర్ కూడా ఉండేవి. అర్జీ పెట్టాల్సింది ఒకే తాలూక్‌దారుకు, అంటే జిల్లా అధికారికి, అదీ ఉర్దూలో. సభలు మాత్రం వేరు. 1944 భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి వెళ్లి, నల్గొండ, వరంగల్‌లలో దొరల మీదికి తిరిగింది. రాయచూరు వైపు అంత భూపోరాటం లేదు. అక్కడివాళ్లు ఎక్కువగా సరిహద్దు దాటి, ముండరగి వంటి శిబిరాల్లో చేరి పనిచేశారు. పక్కనే స్వతంత్ర భారతం ఉన్నందువల్ల దొరికిన వీలు అది. ఈ తేడాను ధైర్యసాహసాల తేడాగా కొలవడం అన్యాయం.

1956లో గద్వాల, ఆలంపూర్ ఆంధ్రప్రదేశ్‌కు, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయాయి. చరిత్ర రచనా అలాగే పంపకమైంది. నిజాం ఏలుబడి ముగిసిన సెప్టెంబరు 17న రాయచూరులో కల్యాణ కర్ణాటక ఉత్సవం జరుగుతుంది. గద్వాల వేదికపై ఎక్కువగా నల్గొండ, వరంగల్ పోరాటం వినిపిస్తుంది. నాడు రాయచూరు జిల్లాలో ఉండి కొట్లాడిన గద్వాల వాళ్ల ఊసు రెండు చోట్లా అరుదే.