గాంధీ చౌక్‌లో చాలు, ఎడపల్లి దగ్గర చాలదు



ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కారులో 1.0 లీటర్ ఇంజనే చాలు, 1.5 దండగ అని మీ వ్యాసకర్త తేల్చేశారు. నిజామాబాద్ గాంధీ చౌక్ రద్దీలో అది నిజమే. కానీ నేను రోజూ బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చేవాణ్ని. 2015లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ దారిలో చెరకు బండ్లు తగ్గాయి గానీ వడ్ల ట్రాక్టర్లు తగ్గలేదు. మొన్న ఎడపల్లి దాటాక, ఓ చిన్న ఇంజన్ కారులో, వెనక లైటు లేని ట్రాలీని సగం దాటి, ఎదురుగా ఆర్టీసీ బస్సు కనబడి వెనక్కి తగ్గాం. పక్క సీట్లో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడ పనికొచ్చేది గరిష్ఠ వేగం కాదు. చిన్న ఇంజన్ ఇచ్చే 178 న్యూటన్ మీటర్ల టార్కా, పెద్దది ఇచ్చే 250యా అన్నదే. వ్యాసకర్త రెండు ఇంజన్లనూ ఈ దారిలో నడిపి చూసి మళ్లీ రాయాలని నా మనవి.

— ఒక పాఠకుడు, బోధన్