ఓడ మల్లన్నకు టిప్పెంత?

మా వియ్యంకుడుగారు ముప్పై అయిదేళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటున్నారు. ఓడెక్కడం ఆయనకు ఇరవైమూడోసారి, మాకు రెండోసారి. కాబట్టి నౌకలో కాలుపెట్టిన క్షణం నుంచీ ఆయన గురువు, నేనూ మా ఆవిడా శిష్యులం. గురువుగారి తొలి పాఠం లిఫ్టు దగ్గరే మొదలైంది.

‘‘పూర్వం ఇలా ఉండేది కాదు బావగారూ!’’

అయిదు రాత్రుల ప్రయాణంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టలేదు. హ్యూస్టన్‌కు దగ్గర్లోనే గాల్వెస్టన్ అని ఓ రేవుంది. అక్కణ్నుంచి బయల్దేరి, మెక్సికోలోని కోజుమెల్ దీవి, ప్రోగ్రెసో పట్నం చూపించి మళ్లీ అక్కడే దింపుతారు. ‘అమెరికాలో ఎక్కి మెక్సికో ఎందుకు, అమెరికాలోనే తిప్పొచ్చుగా’ అని మా ఆవిడ అడిగింది. దానికి కారణం 1886 నాటి చట్టం. విదేశీ జెండా ఉన్న నౌక అమెరికాలో ఎక్కించుకున్నవాళ్లని మధ్యలో ఏ పరాయిదేశపు రేవూ తాకకుండా మళ్లీ అమెరికాలో దింపడానికి వీల్లేదు. ఈ నౌకల్లో చాలావాటి మీద ఎగిరేది బహామాస్ జెండానో పనామా జెండానో. అందుకే ఆ ప్రదక్షిణ.

మేం ఎక్కిన నౌక ఏ కంపెనీదో చెప్పను. చవక నౌకల్లో ఒకటి, అంతే. అందులో చూసినవీ విన్నవీ మిగతావాటిలోనూ ఉన్నాయని గురువుగారి సాక్ష్యం.

ఆయన ఫిర్యాదుల చిట్టా పెద్దదే. ఒకప్పుడు అర్ధరాత్రి బఫే ఉండేదట. మంచుగడ్డల్ని హంసల్లా చెక్కి, వాటి చుట్టూ పళ్లూ కేకులూ పేర్చి, తినేముందు ఫొటోలు తీసుకోమని ఓ పావుగంట వదిలేవారట. ఇప్పుడా వేళకి దొరికేది పిజ్జా. పూర్వం రాత్రి దిండు మీద చాక్లెట్ పెట్టేవారు, ఇప్పుడు దిండు ఒక్కటే. రోజుకు రెండుసార్లు గది సర్దేవాళ్లు ఇప్పుడు ఒక్కసారే వస్తున్నారు. (ఇది గురువుగారి చాదస్తం కాదు. 2023 జనవరిలో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ చాలా గదులకు రెండో విడత సర్దడం మానేసింది.) డైనింగ్ హాల్లో ఎన్ని ప్లేట్లడిగినా నవ్వుతూ తెచ్చేవాళ్లు, ఇప్పుడు మూడో ప్లేటుకి అయిదు డాలర్లు. శాకాహారులం, మాకు మూడో ప్లేటు దాకా వెళ్లే అవసరమే రాలేదనుకోండి. వడ్డించే ముంబై కుర్రాడు మా మొహాలు చూసి రెండోరోజు నుంచీ పప్పూ అన్నం ఎక్కణ్నుంచో తెచ్చిపెట్టాడు. మా వియ్యపురాలు చెల్లెమ్మగారు సీలు తీయని ఆవకాయ సీసా సంచీలోంచి బయటికి తీశారు. ఆ పూట గురువుగారు ఒక్క ఫిర్యాదూ చేయలేదు.

మాతో ఒకే బల్ల దగ్గర కూర్చున్న టెక్సాస్ దంపతులు ఇంకా పాతకాపులు, నలభై దాటాయట వాళ్ల ప్రయాణాలు. పెద్దాయన బాధల్లా సంగీతం గురించి. ఇదివరకు ఏ మూలకెళ్లినా ఎవరో ఒకరు పియానో వాయిస్తూనో పాడుతూనో కనిపించేవారట, ఇప్పుడు స్పీకర్లట. ఆవిడకైతే నౌకంతా సంతలా ఉండటమే నచ్చలేదు. ఫొటోలు కొనండి, నగలు కొనండి, బింగో ఆడండి, ఈ మసాజ్ మీకు చాలా అవసరం అంటూ ప్రతి మెట్టు దగ్గరా ఎవరో చేయి పట్టుకున్నంత పని చేస్తున్నారంది. అదే బల్ల దగ్గర ముగ్గురు పిల్లల్ని వేసుకొచ్చిన ఓ కుర్రజంట మాత్రం ఇదంతా విని ఆశ్చర్యపోయింది. ‘‘ఇదే డబ్బుకి అయిదురోజులు హోటల్ గదొక్కటే వస్తుంది. ఇక్కడ తిండి పెట్టి, పిల్లల్ని ఆడించి, మమ్మల్ని నిద్రపోనిస్తున్నారు. ఇంకేం కావాలి?’’ అన్నాడతను. వాళ్లకిది మొదటిసారి. పోల్చుకోవడానికి పూర్వం లేదు.

ఆ పూర్వం సంగతే నాకు కుతూహలంగా అనిపించింది. గురువుగారు మొట్టమొదట ఎక్కింది 1992లో, పెళ్లయిన కొత్తలో. మయామీ నుంచి బహామాస్‌కి, నార్డిక్ ఎంప్రెస్ అనే నౌకలో. రాయల్ కరీబియన్ వాళ్లు మూడు నాలుగు రాత్రుల చిన్న ప్రయాణాల కోసమే దాన్ని ప్రత్యేకంగా కట్టించి 1990లో నీళ్లలోకి దించారు. అంటే ఈ చవక సరదాకి తొలిరోజుల పడవల్లో అదొకటి. దాని గ్రాస్ టన్నేజీ 48 వేల పైచిలుకు. 2024 జనవరిలో ఆ కంపెనీయే దించిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌ది రెండు లక్షల 48 వేలు దాటింది. అయిదు నార్డిక్ ఎంప్రెస్‌లన్నమాట.

అన్నట్టు, ఆ పాత నౌక ఏమైందో తెలుసా? పేర్లు మార్చుకుంటూ, చేతులు మారుతూ 2021లో మనదేశం చేరింది. కార్డీలియా క్రూయిజెస్ వాళ్లు ఎంప్రెస్ పేరుతో ముంబై నుంచి నడపడం మొదలెట్టారు. 2022 జూన్‌లో విశాఖకూ వచ్చింది. మన వాళ్లు సెల్ఫీలు దిగి మురిసిపోయింది మా బావగారి హనీమూన్ నౌక మీదే. ఈ మాట చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. ‘‘విశాఖ వచ్చిందా? అయితే అక్కడ భోజనం బాగుండేదే!’’ అన్నారు, ముప్పై ఏళ్లలో వంటవాడు కూడా మారలేదన్నట్టు.

మా మొదటి ప్రయాణం 2006లో. అప్పట్లో సింగపూర్-మలేసియా ప్యాకేజీ అంటే అందులో స్టార్ క్రూయిజ్ రెండు రాత్రులు ఉండాల్సిందే. సూపర్‌స్టార్ వర్గో ఎక్కి, డెక్కు మీద రైలింగ్ పట్టుకుని ఫొటో దిగని బ్యాంకు ఉద్యోగి మా బ్రాంచిలో లేడు. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. దాన్ని నడిపిన జెంటింగ్ హాంకాంగ్ సంస్థ మాత్రం లేదు, 2022 జనవరిలో చేతులెత్తేసింది. పాతది బాగుండేదని అనుకునే హక్కు మాకూ ఉంది కానీ, రెండు రాత్రుల జ్ఞాపకంతో తగవుకు దిగలేం.

నాలుగోరోజు మధ్యాహ్నం, చుట్టూ సముద్రం తప్ప మరేం లేనప్పుడు, కాగితం తీసుకుని లెక్క వేశాను. పాత బుద్ధి, పోదు. మా ఇద్దరి టిక్కెట్టూ పన్నులూ పోర్టు ఫీజులతో కలిపి 880 డాలర్లు. ఇదివరకైతే ప్రకటనలో ఫీజులు లేని ధర పెద్ద అక్షరాల్లో ఉండేది, అసలు సంగతి చివర్లో తేలేది. 2024 జూలై 1న కాలిఫోర్నియాలో ఓ చట్టం అమల్లోకి రావడంతో పెద్ద కంపెనీలు ఫీజులు కలిపిన ధరే చూపిస్తున్నాయి. టిప్పులు అందులోకి రావు. అవి మనిషికి రోజుకు 17 డాలర్ల చొప్పున 170. మనవడి కోసం, నిజం చెప్పాలంటే నా కోసం, వైఫై 110. కారు పార్కింగులో మా వాటా 50. ఒక్క రాత్రి ‘స్పెషల్’ రెస్టారెంటుకి 96. ఫొటోలు 44. కాఫీ అనిపించుకునే కాఫీకి 30. వెరసి 500. ఎనిమిది వందల ఎనభైతో బయల్దేరి పదమూడు వందల ఎనభైకి చేరాం. మా ఆవిడ ప్రతి అంకెనీ రూపాయల్లోకి గుణించి, ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచేసింది. ఇండియా వెళ్లేదాకా నా కంట పడకూడదట.

ఈ పైఖర్చులు కంపెనీకి చిల్లర కావు. ఈ రంగంలో పెద్దన్న కార్నివాల్ కార్పొరేషన్ 2023 ఆదాయం రమారమి 2,160 కోట్ల డాలర్లు. అందులో టిక్కెట్ల మీద వచ్చింది 1,400 కోట్లు. మిగతా మూడో వంతూ నౌకలో అమ్ముకున్నవీ ఇతరత్రా వచ్చినవే. టిక్కెట్టు గుమ్మం దాటించడానికి, బేరం లోపల. దీనికి తోడు 2020 మార్చి నుంచి ఏడాదికి పైగా నౌకల్లో చాలావరకు లంగరేసుకుని కూర్చున్నాయి. వాటికి పెట్టే ఖర్చు మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లో పేరుకున్న అప్పు ఆ ఒక్క సంస్థకే మూడు వేల కోట్ల డాలర్లు దాటింది. వడ్డీ ఎక్కణ్నుంచో రావాలిగా. దిండు మీద చాక్లెట్ దగ్గర మొదలెడతారు.

సరే, అదొక వైపు. రెండోవైపు గురువుగారికి నచ్చని లెక్క ఇంకోటుంది. 1992లో ఆయన నాలుగు రాత్రులకి మనిషికి నాలుగు వందల డాలర్లు కట్టారట. ఇవాళ అయిదు రాత్రులకి మేం కట్టిందీ ఇంచుమించు అంతే. ఆనాడు వంద డాలర్లకు వచ్చిన సరుకులకు ఇప్పుడు రెండొందల ఇరవై పైనే పెట్టాలి. ‘‘అంటే బావగారూ, మీకు టిక్కెట్టు సగానికి పైగా తగ్గింది. మంచు హంస మాత్రం అలాగే ఉండాలంటారా?’’ అన్నాను. ఆయన కాసేపు సముద్రం చూసి, ‘‘హంస లేకపోయినా ఫర్వాలేదు. రెండోసారి గది సర్దాలి’’ అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆఖరి సాయంత్రం ఆయన రిసెప్షన్‌కి వెళ్లి టిప్పు తీయించేస్తానన్నారు. చాలా నౌకల్లో ఆ వీలుంది. ఆ కౌంటర్ దగ్గర క్యూ అందుకోసమే ఉందని కూడా చెప్పారు. ‘‘ఒక్కసారే సర్దుతున్నారుగా, టిప్పు మాత్రం ఏటేటా పెంచడమేమిటి? డబ్బు గురించి కాదు, న్యాయం గురించి!’’

మా రెండు గదులూ చూసేది ఇండోనేషియా కుర్రాడు. మేం నడవాలో కనిపించినప్పుడల్లా పేరు పెట్టి పలకరించేవాడు. మనవడి కోసం తువ్వాలుతో ఓరోజు ఏనుగుని, ఓరోజు కోతిని చేసి మంచం మీద పెట్టాడు. ఎనిమిది నెలల కాంట్రాక్టు. ఊళ్లో పదకొండు నెలల కూతురుంది, ఫోన్లో చూపించాడు. రెండోసారి సర్దడం తీసేశాక అతనికి తీరిక దొరకలేదు, గదులు పెరిగాయి. ఇలాంటి నౌకల పనివాళ్లకి వారానికి 72 గంటలకు మించి పని చెప్పకూడదని అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక ఉంది. మించకూడదన్న అంకే 72 అయితే, రోజుకెంతో మీరే భాగించుకోండి.

ఇదంతా నేను గురువుగారితో అనలేదు. వియ్యంకుడితో వాదించేటప్పుడు మగపిల్లాడి తండ్రి ఎవరో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అన్నది చెల్లెమ్మగారు. సూట్‌కేసు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు:

‘‘అయిదురోజులూ మంచి కుర్రాడు, మంచి కుర్రాడు అన్నారు. ఏరు దాటాక బోడి మల్లన్నా? రేపు పొద్దున ఆ పిల్లాడే వచ్చి మన సామాను బయట పెడతాడు. అతని మొహం నేను చూడాలి, మీరు కాదు. మీరెటూ పొద్దున్నే కాఫీకి వెళ్లిపోతారు.’’

గదిలో కాసేపు ఏసీ చప్పుడొక్కటే వినిపించింది. బావగారు గది తాళం కార్డు తీసుకుని బయటికి వెళ్లిపోయారు. మా ఆవిడ ఓ కవరులో ఇరవై డాలర్ల నోటు పెట్టి, దాని మీద కుర్రాడి కూతురికి అని తెలుగులో రాసింది. ఇంగ్లిషులో రాయవచ్చుగా అంటే, ‘‘డబ్బుకి భాషెందుకండీ’’ అంది.

ముప్పావుగంట అయినా ఆయన రాలేదు. వెతుక్కుంటూ వెళ్లాను. రిసెప్షన్ దగ్గర క్యూ నిజంగానే పొడుగ్గా ఉంది, అందులో మా టెక్సాస్ పెద్దాయనా ఉన్నాడు. బావగారు లేరు. ఎదురుగా ఇంకో బల్ల ముందు, మరుసటి ప్రయాణానికి ఇప్పుడే అడ్వాన్సు కడితే డిస్కౌంటు అని బోర్డున్నచోట, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఏదో కాగితం మీద సంతకం పెడుతున్నారు. నన్ను చూడగానే చేయి ఊపారు.

‘‘రండి బావగారూ, సమయానికొచ్చారు. వచ్చే మార్చికి ఏడు రాత్రులు. మీ ఇద్దరి పేర్లూ వేసేశాను. పాస్‌పోర్టు నంబర్లు గుర్తున్నాయా?’’