జీడిమెట్ల ల్యాబ్‌లో కొలత... ఏఐ మోడల్‌కు మేత

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చివరి సంవత్సరం విద్యార్థుల్ని ఈ మధ్య ఎవరిని కదిపినా ఒకటే మాట: ‘మందుల్ని కూడా ఏఐ కనిపెడుతోందట కదా, ఇక మన పనేముంది?’ జీడిమెట్లలో క్యూసీ కెమిస్ట్ పోస్టుకు వాకిన్ ఉందని తెలిసినా వెళ్లకుండా, అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సుకు ఫీజు కట్టేస్తున్న వాళ్లున్నారు. కోడింగ్ నేర్చుకోవడం మంచిదే. కానీ కెమిస్ట్రీని వదిలేసి కోడింగ్ పట్టుకుంటే చాలనుకోవడంలో ఒక పెద్ద లెక్క తప్పుతోంది. ఏఐ మోడల్ గాల్లోంచి నేర్చుకోదు. ఎవరో ఒకరు ల్యాబ్‌లో గంటలకొద్దీ నిలబడి, కొలిచి, రాసిపెట్టిన అంకెల నుంచే నేర్చుకుంటుంది. వీటినే రిఫరెన్స్ డేటా అంటారు. అవి ఎవరు తయారుచేస్తున్నారు, సరైనవో కావో ఎవరు తేలుస్తున్నారు అన్నది ఇప్పుడు ఫార్మా రంగంలో డబ్బుతో, ఉద్యోగాలతో ముడిపడిన విషయం.

అందరూ చెప్పే ఉదాహరణే తీసుకుందాం. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం డేవిడ్ బేకర్‌కు, మిగతా సగం గూగుల్ డీప్‌మైండ్‌కు చెందిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది. హసాబిస్, జంపర్‌ల ‘ఆల్ఫాఫోల్డ్’ అమైనో ఆమ్లాల వరసను చూసి ప్రొటీన్ ఆకారం ఎలా ఉంటుందో చెబుతుంది. హెడ్డింగులన్నీ ఏఐకే పోయాయి. అది చదువుకున్న పుస్తకం పేరు మాత్రం చాలామంది పట్టించుకోలేదు. దాని పేరు ప్రొటీన్ డేటా బ్యాంక్. 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైంది. తర్వాత యాభై ఏళ్లపాటు ప్రపంచంలోని ల్యాబులన్నీ ఎక్స్‌రేలతో, ఎన్ఎంఆర్‌తో కనుక్కున్న ప్రతి ప్రొటీన్ ఆకారాన్నీ అందులో జమ చేస్తూ వచ్చాయి. ఆల్ఫాఫోల్డ్ శిక్షణకు వాడినవి దాదాపు 1,70,000 నిర్మాణాలు. ఒక్కో దాని వెనక స్ఫటికం తయారుకాక నెలల తరబడి తల పట్టుకున్న ఏ పీహెచ్‌డీ విద్యార్థో ఉంటాడు. పైగా 2020లో ఆ మోడల్ నెగ్గిందని తేల్చింది కూడా ప్రయోగమే. అప్పటికి బయటపెట్టని ప్రయోగ ఫలితాలను దాచి ఉంచి, మోడల్ జవాబును వాటితో పోల్చి చూశారు. అంటే పాఠం చెప్పిందీ పరీక్ష పెట్టిందీ రిఫరెన్స్ డేటానే.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు

ఇలా పరాయి ల్యాబుల కొలతల్ని పోగేసి కొత్త సైన్స్ రాబట్టడం మన ఊళ్లో ఎప్పుడో జరిగింది. గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 2009 వరకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేశారు. స్ఫటికాల్లో అణువులు ఒకదాని పక్కన ఒకటి ఎందుకు, ఎలా సర్దుకుంటాయన్నది ఆయన ప్రశ్న. జవాబు కోసం సొంత ల్యాబ్ స్ఫటికాల మీదే ఆధారపడితే ఒక జీవితం చాలదు. ఇంగ్లండ్‌లో ఓల్గా కెనార్డ్ 1965లో మొదలుపెట్టిన కేంబ్రిడ్జ్ స్ట్రక్చరల్ డేటాబేస్ అప్పటికే ఉంది. ఎవరెవరో, ఏవేవో అవసరాల కోసం కొలిచిన వేల స్ఫటికాల వివరాలు అందులో ఉన్నాయి. అన్నింటినీ కలిపి చూస్తే, విడివిడిగా చూసినప్పుడు ‘ఏదో యాదృచ్ఛికం’ అనిపించే బలహీనమైన హైడ్రోజన్ బంధాలు పదేపదే కనిపించాయి. 1989లో వచ్చిన ఆయన పుస్తకం ‘క్రిస్టల్ ఇంజినీరింగ్’ ఆ రంగానికే పేరు స్థిరపరిచింది. అదే యూనివర్సిటీలో అశ్వినీ నంగియా ఈ పరిశోధనను మందుల స్ఫటికాల వైపు నడిపించారు. ఆ డేటాబేస్ 2019లో పది లక్షల నిర్మాణాలు దాటింది.

స్ఫటికం ఆకారంతో మనకేం పని అంటారా? జీడిమెట్లలో బల్క్ డ్రగ్ తయారుచేసే ఏ కంపెనీలోనైనా అడిగి చూడండి. ఒకే మందు రెండు మూడు రకాల స్ఫటికాలుగా మారగలదు. రసాయనం అదే, కరిగే తీరు వేరు. 1996లో వచ్చిన హెచ్‌ఐవీ మందు రిటొనావిర్ విషయంలో ఇదే జరిగింది. 1998లో ఉన్నట్టుండి, తక్కువగా కరిగే కొత్త స్ఫటిక రూపం ఫ్యాక్టరీలో ప్రత్యక్షమైంది. అబాట్ కంపెనీ క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి తప్పించాల్సి వచ్చింది. అంతకుముందు రెండేళ్లు ఎవరి రికార్డులోనూ లేని రూపం అది.

అంత దూరం ఎందుకు, మనం జ్వరం వస్తే మింగే పారాసెటమాల్‌నే చూడండి. ద్రవీభవన స్థానం ఎంత అంటే క్లాసులో అందరూ 169-170 డిగ్రీల సెల్సియస్ అంటారు. ఎక్కడో ఒక పేపర్‌లో 157 దరిదాపుల్లో కనిపిస్తే ‘శాంపిల్‌లో మలినం ఉందేమో’ అనుకుంటాం. నిజానికి రెండూ కరెక్టే కావచ్చు. మొదటిది ఒకటో రూపానిది, రెండోది రెండో రూపానిది. అంకె పక్కన ఏ రూపమో రాయకపోతే మోడల్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అది రెండింటి సగటు తీసి, ప్రపంచంలో ఎక్కడా లేని పారాసెటమాల్‌ను నేర్చుకుంటుంది.

ఈ తలనొప్పి మందుల అన్వేషణలో ఇంకా ఎక్కువ. ఒక అణువు ఒక ఎంజైమ్‌ను సగానికి అణచాలంటే ఎంత గాఢత కావాలో చెప్పే అంకెను ఐసీ50 అంటారు. ఏఐ మోడళ్లకు ప్రధానమైన మేత ఇదే. మన హైదరాబాద్‌లోనే జీవీకే బయో సంస్థ ‘గోస్టార్’ అనే పెద్ద డేటాబేస్‌ను నిర్మించింది. ఇప్పుడు అది ఎక్సెల్రా చేతిలో ఉంది. కెమిస్ట్రీ, బయాలజీ చదివిన మన పిల్లలే పరిశోధన పత్రాలు, పేటెంట్లు చదివి, ఒక్కో అణువు నిర్మాణం, దాని ఐసీ50, ఏ పరిస్థితుల్లో కొలిచారన్నదీ చేత్తో ఎక్కించారు. ఐటీ కారిడార్‌లో దీనికి పెద్ద గ్లామర్ లేదు. పెళ్లిచూపుల్లో ‘క్యురేటర్’ అంటే మ్యూజియంలోనా అని అడిగినా అడుగుతారు. కానీ ఇలాంటి డేటాబేస్‌లను డబ్బులిచ్చి కొనుక్కునేవి విదేశీ ఫార్మా కంపెనీలు.

ఎందుకు కొంటాయో 2024లో వచ్చిన ఒక పరిశోధన చూస్తే అర్థమవుతుంది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌కు చెందిన గ్రెగ్ లాండ్రం, సెరీనా రినికర్, ఉచితంగా దొరికే ‘కెంబుల్’ డేటాబేస్‌లో ఒకే అణువుకు, ఒకే ప్రొటీన్‌కు వేర్వేరు ల్యాబులు ఇచ్చిన విలువలను పోల్చారు. చాలా జతల మధ్య తేడా చిన్నదేం కాదు, కొన్నింటిలో పది రెట్లు దాటింది. ప్రయోగ పద్ధతి చూడకుండా అంకెలన్నీ ఒక్క ఎక్సెల్ షీట్‌లో కుమ్మరిస్తే మోడల్ నేర్చుకునేది రసాయనశాస్త్రం కాదు, ల్యాబుల మధ్య తేడాల్ని. ఏ వరస ఉంచాలి, ఏది తీసేయాలి అని చెప్పగలిగేది పైథాన్ ఒక్కటే వచ్చినవాడు కాదు. ఆ ప్రయోగం ఒక్కసారైనా చేతులారా చేసినవాడు.

కొలత చెడితే...

డేటా మీద నమ్మకం పోతే ఏమవుతుందో కూడా హైదరాబాద్ చూసింది. 2014లో ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ జీవీకే బయోసైన్సెస్ హైదరాబాద్ కేంద్రాన్ని తనిఖీ చేసి, జనరిక్ మందుల అధ్యయనాల్లో వాలంటీర్ల ఈసీజీ రికార్డులు తారుమారయ్యాయని తేల్చింది. కనీసం అయిదేళ్లుగా ఇది జరిగినట్టు కనిపించిందన్నారు. కంపెనీ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. ఆ మందుల వల్ల ఎవరికీ హాని జరిగినట్టు ఆధారాలు లేవని ఐరోపా ఔషధ సంస్థే చెప్పింది. అయినా 2015 జనవరిలో దాదాపు 700 రకాల మందుల అనుమతులు నిలిపేయాలని సిఫార్సు చేసింది. ఆ వివాదం ముదిరి, ఆగస్టులో ఐరోపా సమాఖ్యతో జరగాల్సిన వాణిజ్య చర్చలను భారత్ వాయిదా వేసుకుంది. ఈసీజీ కాగితాలు రెండు ప్రభుత్వాల మధ్య బల్ల మీదికి వచ్చాయి.

కొలవకపోవడం ఇంకో రకం సమస్య. 2018 జులైలో బీపీ మందు వాల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కారకం కావచ్చని భావించే మలినం బయటపడింది. మొదట చైనా కంపెనీ సరకులో. తర్వాత హైదరాబాద్ కంపెనీలూ కొన్ని బ్యాచ్‌లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అన్నాళ్లూ ఆ బ్యాచ్‌లు పరీక్షలన్నీ పాసయ్యాయి. ఎందుకంటే ఆ పరీక్షలు ఎన్‌డీఎంఏ కోసం వెతకలేదు. తర్వాత పెట్టిన పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. అంత చిన్న మోతాదును పట్టుకోవాలంటే స్వచ్ఛమైన ఎన్‌డీఎంఏ రిఫరెన్స్ పక్కన పెట్టుకుని పరికరాన్ని సరిచూసుకోక తప్పదు.

కొలిచినా, కొలవాల్సిన చోట కొలవకపోవడం మూడోది. విశాఖలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ ఏ ఉష్ణోగ్రత దగ్గర తనంతట తాను పాలిమర్‌గా మారడం మొదలవుతుంది, దాన్ని ఆపే నిరోధకం ఎంత ఉండాలి అన్నవి దశాబ్దాలుగా పుస్తకాల్లో ఉన్న అంకెలే. ట్యాంకు అడుగున ఒక్కచోటే ఉష్ణోగ్రత చూస్తుంటే పైపొరలు వేడెక్కిన సంగతి తెలియలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక వేలెత్తి చూపింది. చల్లబరిచే ఏర్పాట్లు, నిరోధకం, ట్యాంకు డిజైన్... లోపాల జాబితా పెద్దదే. కానీ రిఫరెన్స్ డేటా చేతిలో ఉండి, దానితో పోల్చడానికి సరైన కొలత లేకపోవడం అన్నది ప్రాసెస్ ఉద్యోగాల్లోకి వెళ్లాలనుకునే కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రత్యేకంగా చదవాల్సిన అంశం.

ఫెయిలైన ప్రయోగానికీ విలువుంది

మన దగ్గర ఇంకో అలవాటుంది. ప్రయోగం సక్సెస్ అయితే రిపోర్టు, ఫెయిలైతే బీరువా. 2016లో అమెరికాలోని హావర్‌ఫర్డ్ కాలేజీ బృందం ‘నేచర్’లో ఒక పత్రం ప్రచురించింది. పాత ల్యాబ్ నోట్‌బుక్కుల్లో మూలన పడి ఉన్న విఫల ప్రయోగాలన్నీ ఏరి కంప్యూటర్‌లో ఎక్కించి, వాటిని కూడా కలిపి మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. కొత్త స్ఫటికాలు ఏ పరిస్థితుల్లో ఏర్పడతాయో చెప్పడంలో ఆ మోడల్ 89 శాతం నెగ్గింది. అనుభవజ్ఞుల అంచనా 78 శాతం. అది పెద్ద కార్పొరేట్ ల్యాబ్ కాదు, డిగ్రీ విద్యార్థులు చదివే కాలేజీ! జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు ఆర్ అండ్ డీ విభాగాల్లో నలభై ఏళ్లుగా ‘దిగుబడి రాలేదు’, ‘రంగు మారింది’ అని రాసి పక్కన పడేసిన నోట్‌బుక్కులు ఎన్ని ఉంటాయో ఊహించండి. కంపెనీలు వాటిని బయటికి ఇవ్వవు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. తమకోసం తామైనా డిజిటల్ చేసుకుంటే మాత్రం, ఆ పనికి కెమిస్ట్రీ తెలిసిన వాళ్లే కావాలి.

కేంద్రం 2024 మార్చిలో రూ.10,372 కోట్లతో ఇండియాఏఐ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఏడాది తర్వాత డేటాసెట్ల కోసం ‘ఏఐకోశ్’ వేదిక తెచ్చింది. కంప్యూటర్లు, చిప్‌ల మీద జరిగినంత చర్చ కొలతల నాణ్యత మీద జరగడం లేదన్నది నా అభిప్రాయం. చిప్ కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ల నమ్మకమైన కొలతల్ని ఒక్క టెండర్‌తో కొనలేం.

ఇక మీరేం చేయొచ్చు? బాలానగర్‌లో పాత ఐడీపీఎల్ ఆవరణలో మొదలైన నైపర్ ఉంది, నైపర్ జేఈఈ రాయొచ్చు. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో అమెరికన్ ఫార్మకోపియా సంస్థ యూఎస్‌పీకి ల్యాబ్ ఉంది. మన ఫార్మకోపియా రిఫరెన్స్ స్టాండర్డ్‌లు ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి వస్తాయి. ఇవి ఎలా తయారవుతాయి, వాటితో పోల్చి కంపెనీ తన వర్కింగ్ స్టాండర్డ్‌ను ఎలా సిద్ధం చేసుకుంటుంది అన్నది తెలిసి ఇంటర్వ్యూకు వెళ్లే ఫ్రెషర్లు తక్కువ. ఇంట్లో కూర్చుని చేయగలిగే పని కూడా ఒకటుంది. కెంబుల్ ఓపెన్ చేసి ఎర్లోటినిబ్ అని కొట్టండి. ఈజీఎఫ్ఆర్ మీద దాని ఐసీ50 విలువలన్నీ డౌన్‌లోడ్ చేయండి. ఎందుకంత తేడా ఉందో ఒక్కో పేపర్ తెరిచి చూసి రెండు పేజీలు రాయండి. పైథాన్ వస్తే ఆర్‌డీకిట్ వాడొచ్చు, అదీ ఉచితమే. పైన చెప్పిన లాండ్రమే దాన్ని మొదలుపెట్టింది. రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కంటే ఆ రెండు పేజీలు ఎక్కువ మాట్లాడతాయి.

వాకిన్‌కు వెళ్తే మాత్రం ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. ‘హెచ్‌పీఎల్‌సీలో ఫలితం పరిమితి దాటి వచ్చింది. షిఫ్ట్ అయిపోతోంది. ఏం చేస్తారు?’ ‘మళ్లీ ఇంజెక్ట్ చేస్తాను సార్’ అన్నారంటే అక్కడితో సరి. శాంపిల్ ద్రావణాలు పారబోయకుండా ఉంచాలి, సూపర్‌వైజర్‌కు చెప్పాలి, తూకం, లెక్క, పరికరం ఎక్కడైనా తప్పిందా అని ముందు చూడాలి. ఆ మొదటి అంకెను ఏ పరిస్థితిలోనూ చెరపకూడదు.