అరువు తెచ్చుకున్న పుస్తకం

మా ఇంట్లో సొంత పుస్తకమంటే పంచాంగం ఒక్కటే. ఈపురుపాలెంలో మాది మగ్గం ఇల్లు. తెల్లవారితే వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టడం, పొద్దెక్కితే మగ్గం చప్పుడు, సాయంత్రానికి ఒళ్లంతా నూలు దుమ్ము. పుస్తకాలు కొనే స్తోమత మా వీధిలో దాదాపు ఎవరికీ లేదు. అయినా మా వీధి వీధంతా సాహిత్యం తెలిసిన వీధే. ఒకరు చదివితే పదిమంది వినేవారు.

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి రెండు చేతులకూ పనే. కళ్లు నేత మీద నుంచి మరలడానికి లేదు. మిగిలేవి చెవులు. అందుకని బడి నుంచి వచ్చిన పిల్లల్లో కాస్త తడబడకుండా చదివేవాణ్ణి మగ్గం పక్కన కూర్చోబెట్టి పేపరో, వారపత్రికో చదివించేవారు. మా ఇంట్లో ఆ పని నాది. ఒళ్లో పత్రిక, చేతిలో రాట్నం. కండె నిండితే నాన్నకు అందించి, కొత్తది ఎక్కించి, వదిలిన చోట మళ్లీ అందుకోవాలి. మగ్గం చప్పుడులో మాట మునిగిపోతుంది కాబట్టి రెండు దెబ్బల మధ్య మాట పడేలా చదవడం నేర్చుకున్నాను. పోగు తెగితే నాన్న మగ్గం ఆపి ముడి వేసుకునేవాడు. ఆ కాసేపట్లో నేను గబగబా ఒక పేజీ లాగించేసేవాణ్ణి. సీరియల్ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆయనకు తెగిన పోగు మీద కోపం వచ్చేది కాదు. నాన్నకు చదవడం రాదు. కానీ కథలో రచయిత ఎక్కడ తొందరపడ్డాడో, ఏ పాత్ర చేత అనకూడని మాట అనిపించాడో ఆయన చెప్పినంత సూటిగా తర్వాత నేను చదివిన విమర్శకులు చెప్పలేదు. "ఆ పిల్ల అట్టా అనదురా, మళ్లీ చదువు" అనేవాడు. మళ్లీ చదివితే నిజంగానే ఆ మాట అక్కడ అతికేది కాదు.

ఆ పత్రిక మాది కాదు. మూడిళ్ల అవతల పెద్దమ్మ వాళ్లు కొనేవారు. వాళ్ల ఇంట్లో అందరూ చదివాక, వాళ్ల చుట్టాలు చదివాక, అట్ట ఊడిపోయాక మా ఇంటికి వచ్చేది. ఎన్ని చేతులు మారినా తిరిగి పెద్దమ్మ ఇంటికే చేరేది. సంవత్సరం చివర్లో ఆవిడ సీరియల్ కాగితాలన్నీ విడదీసి, వరస పెట్టి, నూలు దారంతో కుట్టి పుస్తకం చేసేది. నేత ఇంట్లో దారానికేం కొదవ! యద్దనపూడి నవలలు నేను మొదట చదివింది అలా ఆవిడ కుట్టిన పుస్తకాల్లోనే.

అందుకే చదువరి ఎలా తయారవుతాడని ఎవరైనా అడిగితే నా జవాబు ఒక్కటే. పుస్తకం ఇచ్చేవాళ్లుంటే తయారవుతాడు. కొనగలిగిన ఇంట్లో పుట్టడం అదృష్టమే కానీ, ఈ నేల మీద పాఠకులు పుట్టింది ఎక్కువగా అరువు పుస్తకాలతోనే.

మాకు దగ్గర్లోనే దానికి పెద్ద సాక్ష్యం ఉంది. చీరాల దాటితే వేటపాలెం. అక్కడ ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు 1918లో మొదలుపెట్టిన గ్రంథాలయమే ఈనాటి సారస్వత నికేతనం. 1929లో దాని భవనానికి గాంధీ గారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. వెళ్లినవాళ్లంతా దాన్ని చూసి వస్తారు. చూడవలసిందే. కానీ నన్ను కట్టిపడేసింది పాత పత్రికల బీరువాలు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి... సంపుటాలు సంపుటాలుగా. విశ్వవిద్యాలయాల్లో దొరకని సంచిక కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో ఈ నేతగాళ్ల ఊరికి రైలు దిగుతారు. కాగితం పెళుసెక్కిపోయింది, మడత మీద చెయ్యి పడితే రాలుతుంది. ఆ పేజీ తిప్పేటప్పుడు రెండు చేతులూ వాడాలని, పై మూల పట్టుకుని ఎత్తకూడదని, అరచేతిని కిందకు పోనిచ్చి తిప్పాలని నాకు నేర్పింది అక్కడే. ఇంట్లో సొంత పుస్తకాన్ని కూడా ఇప్పుడు అలాగే తిప్పుతాను.

ఒక్క గ్రంథాలయం గొప్పగా లేవడానికి వెనక గాలి ఉండాలి. ఆ గాలి వీచిన చోటు కూడా మన ప్రాంతమే. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగింది. ఆ మరుసటి ఏడే, 1914 ఏప్రిల్‌లో, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లంతా సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. వెనకుండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. భాషకు రాష్ట్రం కావాలన్న కోరికా, ఊరికి గ్రంథాలయం కావాలన్న కోరికా ఒకే ఊపున వచ్చాయి. చదవని జనానికి రాష్ట్రం వచ్చి ఏం లాభమని ఆ తరం నమ్మింది. 1935లో పాతూరి నాగభూషణం గారు తెనాలి ప్రాంతపు కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ప్రయాణికులకూ, ఒడ్డున ఉన్న ఊళ్లకూ అందించారు. పడవ ప్రయాణమంటే గంటల తరబడి ఖాళీ. ఆ ఖాళీని చదువుకు ఎలా వాడుకోవచ్చో ఆలోచించిన మనిషికి నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో!

తెనాలి పేరెత్తితే చందమామ నడిపిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు గుర్తుకు రాక మానరు. 1947 జూలైలో పుట్టిన చందమామకు కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చేసిన సేవ ఎంతటిదో, తెలుగు వాక్యం తడబాటు లేకుండా చదవడం వచ్చిన మూడు తరాలను అడగాలి. నేను వాళ్లలో ఒకణ్ణి. కానీ తెనాలిలో నా గుండెకు మరీ దగ్గరి మనిషి శారద.

అసలు పేరు నటరాజన్. తమిళ కుర్రాడు. పన్నెండేళ్ల ప్రాయంలో, 1937లో, తెనాలి వచ్చాడు. హోటళ్లలో బల్లలు తుడిచి, ఇడ్లీ కాఫీలు అందించి బతికాడు. తెలుగు అతని అమ్మ భాష కాదు. చదివి చదివి సంపాదించుకున్నాడు. ఆ చదువుతోనే 'ఏది సత్యం', 'మంచీ చెడూ', 'అపస్వరాలు' నవలలు రాశాడు. మూర్ఛరోగం పీడిస్తున్నా రాశాడు. 1955లో, ముప్పై ఏళ్లయినా నిండకముందే పోయాడు. అతని స్నేహితుడు ఆలూరి భుజంగరావు కూడా హోటల్ పని చేసినవాడే. ఆయన రాహుల్ సాంకృత్యాయన్‌ను, ప్రేమ్‌చంద్‌ను తెలుగులోకి తెచ్చాడు. శారద జీవితాన్ని పుస్తకంగా రాసి మనకు మిగిల్చాడు. ఎంగిలి పళ్లేలు ఎత్తే ఇద్దరు కుర్రాళ్లు ఒక భాషకు ఇంత ఇచ్చారంటే, వాళ్ల చేతికి ఎవరో ఒకరు పుస్తకాలు అందించి ఉండాలి కదా. జీతపు రాళ్లతో కొనుక్కుని ఎన్ని చదవగలరు? 'మంచీ చెడూ' నేను మూడు వయసుల్లో చదివాను. డబ్బు మనుషుల్ని ఎలా వంకర్లు తిప్పుతుందో హోటల్ బల్ల దగ్గర నిలబడి చూసిన కన్ను అది. కాలేజీ మెట్లెక్కని మనిషి రాశాడనే జాలితో ఆ నవలను చదవనక్కర్లేదు. మన మంచి నవలల వరసలో నిలబెట్టి చదవాలి.

తర్వాత నాకు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు వచ్చాయి. ఎమెస్కో వాళ్ల 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పుస్తకాలు, విశాలాంధ్రలో దొరికే సోవియట్ అనువాదాలు కొన్నాను. గట్టి అట్ట, తెల్ల కాగితం, అంత తక్కువ ధర! మాస్కోలో కూర్చుని వాటిని తెలుగు చేసినవారిలో ఉప్పల లక్ష్మణరావు గారొకరని తెలిసినప్పుడు, మా వీధికి ఆ ఊరు అంత దూరం కాదనిపించింది. ఏటా జనవరిలో బెజవాడ పుస్తకాల పండుగకు వెళ్లి సంచి నింపుకు రావడం ఇప్పటికీ మానలేదు.

నా చదువు తెల్లవారుజామున. అలవాటు మగ్గం నాటిది. ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది, రెండు పుస్తకాలు ఒకేసారి నడుస్తాయి. అరువు పుస్తకంలో గీత గీయను. నచ్చిన చోట కాగితం ముక్క పెట్టి తర్వాత నోటుబుక్కులో ఎక్కిస్తాను. చదివిన ప్రతి పుస్తకం పేరూ, అది ఎవరి దగ్గర తెచ్చానో కూడా అందులో ఉంటుంది. ఆ రెండో వరసే నాకు మరింత ప్రియమైనది. పెద్దమ్మ, శాఖా గ్రంథాలయం, లెక్కల మాస్టారు, వేటపాలెం, ఊరు పేరు తెలియని రైలు ప్రయాణికుడు... నన్ను పెంచినవాళ్ల పట్టీ అది.

పిల్లలు చదవడం లేదు, అంతా ఫోన్ల వల్లే అని రోజూ వింటున్నాం. నేను ఒప్పుకోను. నడిచి వెళ్లేంత దూరంలో, బడి వదిలాక తలుపు తెరిచి ఉండే చోట, వాళ్ల వయసుకు తగ్గ కొత్త పుస్తకాలు ఎన్ని ఉంచాం మనం? శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి తగినంత సిబ్బంది లేరు. పోటీ పరీక్షల గైడ్లు కొంటారు, అవీ కావాలి, కాదనను. కానీ ఏడో తరగతి పిల్లకు ఇవ్వడానికి ఈ ఐదేళ్లలో వచ్చిన కథల పుస్తకం ఒక్కటి బీరువాలో కనబడదు. లేని పుస్తకాన్ని చదవలేదని పిల్లల్ని తిట్టడం అన్యాయం.

దీనికి డబ్బు లేదంటే నమ్మకండి. 1948 మద్రాసు చట్టం, తర్వాత 1960 నాటి మన చట్టం గ్రంథాలయాలకు ఆదాయం చూపించే పెట్టాయి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ, మునిసిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు జరుగుతుంది. జమ దగ్గరే బకాయిలు. ఏళ్ల తరబడి పత్రికల్లో వస్తున్న వార్తే ఇది. 1921లో అన్యాయమైన పన్నుకు తలొగ్గక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరికి ఊరే ఖాళీ చేసి వెళ్లిన చీరాల-పేరాల మనది. కట్టకూడని పన్నును ఎదిరించిన నేల మీద, కట్టిన పన్ను ఎక్కడికి పోయిందని అడగడానికి మొహమాటం ఎందుకు?

ఈ ఆదివారం మీ ఇంటి పన్ను రశీదు తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు వరసలో ఎంత పడిందో గుర్తుపెట్టుకుని, ఈసారి గ్రామసభలో లేచి ఆ లెక్క అడగండి. పక్కింటి పిల్లకు మీ బీరువాలోంచి ఒక పుస్తకం అరువివ్వండి. వేటపాలెం వెళ్లే పనుంటే సారస్వత నికేతనంలో ఒక గంట కూర్చుని, చేతనైనంత విరాళం ఇచ్చి రండి.