కౌలు అడ్రసు, పట్టా అడ్రసు

మా సంతబొమ్మాళి మండలంలో కంప్యూటర్ ముట్టుకోని వాళ్ళు చాలామందే ఉంటారు గానీ, 'సర్వర్' అనే మాట వినని మనిషి మాత్రం దొరకడు. రేషన్‌కి వెళ్తే సర్వర్ పనిచెయ్యట్లేదు. సర్టిఫికెట్‌కి వెళ్తే సర్వర్ డౌన్, రేపు రండి. అంచేత మా ఊరివాళ్ళ లెక్కలో సర్వర్ అంటే ఎక్కడో దూరంగా ఉండేది, సరిగ్గా మనకి పని పడినప్పుడు లేకుండా పోయేది. ఆ సర్వర్‌ని మన వీధి బడిలోనో, ఊరి గ్రంథాలయంలోనో, మూలన పడున్న పాత డెస్క్‌టాప్ మీద లినక్స్ వేసి పెట్టుకోవచ్చని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. చెప్పాల్సింది మనమే, కానీ మనకే సరిగ్గా రాదు.

ఎందుకు రాదంటున్నానో వినండి. నెట్‌వర్క్స్ పేపర్లో సబ్‌నెట్ మాస్క్ లెక్కలు మనం కళ్ళు మూసుకుని చేసేస్తాం. అదే మనిషిని ల్యాబ్‌లో ఉబుంటు మెషిన్ ముందు కూర్చోబెట్టి "దీనికి మారని ఐపీ అడ్రసు ఇవ్వు బాబూ" అంటే వెంటనే ఫోన్ తీసి వీడియో పెడతాడు. వీడియోలో ఆయన ఇంటి రౌటర్ 192.168.1.1. మనవాడూ అదే కొడతాడు. ల్యాబ్‌లో అడ్రసులేమో 10తో మొదలవుతాయి. ఉన్న నెట్ కూడా పోతుంది. అప్పుడు "లినక్స్ ఇంతే" అని ఒక తీర్పు. లినక్స్‌కి ఇందులో పాపం ఏ సంబంధమూ లేదు.

అసలు సంగతి మా వైపు భాషలో చెప్తాను. నౌపడ ఉప్పుమడులైనా, ఉద్దానం కొబ్బరితోటలైనా, మాకు కౌలు అనే మాట చిన్నప్పట్నుంచీ తెలుసు. మామూలుగా మీ కంప్యూటర్ ఆన్ చెయ్యగానే రౌటర్‌ని ఒక అడ్రసు అడుగుతుంది. రౌటర్ ఇస్తుంది, కానీ గడువు పెట్టి ఇస్తుంది. దీన్నే డీహెచ్‌సీపీ అంటారు, ఆ గడువుకి ఇంగ్లీషులో కూడా లీజు అనే పేరు. గడువు సగం అయ్యేసరికి మెషిన్ మళ్ళీ వెళ్ళి పొడిగించమని అడుగుతుంది. మెషిన్ ఆఫ్‌లో ఉండి గడువు దాటిపోతే ఆ అడ్రసు ఇంకొకరికి పోవచ్చు. అచ్చం కౌలే. ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ కౌలు చాలు, వాటిని వెతుక్కుంటూ ఎవరూ రారు. కానీ పదిమంది వెతుక్కుంటూ వచ్చే మెషిన్ ఒకటుంటుంది. ప్రింటర్ తగిలించినది, పుస్తకాలు పెట్టినది. దానికి కౌలు పనికిరాదు, పట్టా ఉండాలి. తేలినీలాపురానికి పెలికాన్లు ఏటా అవే చెట్లు వెతుక్కుంటూ వస్తాయి కదా, ఆ చెట్లు రోజుకోచోట ఉంటే అవేం కావాలి?

ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. "స్టాటిక్ ఐపీ అంటే నెలకి డబ్బులు కట్టాలంట కదా" అని మా ఫ్రెండ్సే అడిగారు. అది వేరు. నెట్ కంపెనీ అమ్మేది ప్రపంచం మొత్తానికి కనపడే పబ్లిక్ అడ్రసు. నేను మాట్లాడుతున్నది మన గోడల మధ్య వాడుకునే ప్రైవేట్ అడ్రసు. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు, ఆపైన 192.168తో మొదలయ్యేవి, వీటిని ఎవరైనా తమ లోపలి నెట్‌వర్క్‌లో ఉచితంగా వాడుకోవచ్చని 1996 ఫిబ్రవరిలోనే రాసిపెట్టారు. ఆర్‌ఎఫ్‌సీ 1918 అని ఆ పత్రం పేరు. బయట ఇంటర్నెట్‌లో ఈ అడ్రసులకి దారే ఉండదు.

ఇక ఇచ్చే పద్ధతి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏదైనా గ్నోమ్ డెస్క్‌టాప్ ఉంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, దాని పక్కన పళ్ళచక్రం బొమ్మ, అందులో ఐపీవీ4, అక్కడ ఆటోమేటిక్ తీసి మాన్యువల్ పెట్టండి. అడ్రసు, నెట్‌మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ అని గళ్ళు కనిపిస్తాయి. నింపి, సేవ్ చేసి, కనెక్షన్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాలి. ఆపి పెట్టకపోతే పాత కౌలే నడుస్తుంటుంది. టెర్మినల్ ఇష్టమైనవాళ్ళకి ఎన్‌ఎంసీఎల్‌ఐ ఉంది, అది కూడా ఇదే పని చేస్తుంది. గేట్‌వే ఎంతో ఊహించకండి. మార్చకముందే 'ఐపీ రూట్' కొడితే డిఫాల్ట్ అన్న లైనులో అదే చూపిస్తుంది. అక్కడే ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరు చూసి కొందరు జడుసుకుంటారు. ఈఎన్ అంటే ఈథర్నెట్, పీ3 అంటే మూడో నంబరు పీసీఐ బస్సు, ఎస్0 అంటే సున్నా స్లాట్. మదర్‌బోర్డు మీద ఆ కార్డు కూర్చున్న చోటు, అంతే.

గూగుల్‌లో దొరికే పాత పాఠాలతోనే పెద్ద చిక్కు. ఒకాయన ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్లో రాయమంటాడు, అది పాత డెబియన్, ఉబుంటుల పద్ధతి. ఇంకొకాయన నెట్‌ప్లాన్ అంటాడు, ఉబుంటులో అది 17.10 నుంచి వచ్చింది. మూడో ఆయన నెట్‌వర్క్ మేనేజర్ అంటాడు. ముగ్గురూ కరెక్టే, ఎవరి కాలానికి వాళ్ళు. మనవాళ్ళు మాత్రం మూడు చోట్లా రాసేసి ఏది పనిచేస్తుందో చూద్దాం అంటారు. డెబియన్‌లో ఆ పాత ఫైల్లో కార్డు పేరు రాశారా, నెట్‌వర్క్ మేనేజర్ ఇక దాన్ని పట్టించుకోదు, మీరు సెట్టింగ్స్‌లో ఎన్ని నొక్కినా అంతే. డెస్క్‌టాప్ అయితే నెట్‌వర్క్ మేనేజర్ ఒక్కచోటే రాయండి.

ఇప్పుడు ఆ గళ్ళ దగ్గరికే మళ్ళీ వస్తాను, నా అసలు వాదన అక్కడుంది. గేట్‌వే ఎందుకు? బయటికి వెళ్ళడానికి. డీఎన్ఎస్ ఎందుకు? బయటి పేర్లని నంబర్లుగా మార్చుకోడానికి. అదే గదిలో ఉన్న ఫోన్ అదే గదిలో ఉన్న డెస్క్‌టాప్‌ని చేరడానికి ఈ రెండూ అక్కర్లేదు. అడ్రసు, మాస్క్ చాలు. అంటే నెట్ పోయినా నెట్‌వర్క్ ఉంటుంది. మనం ఈ రెండు మాటల్నీ ఒకటి చేసేసుకున్నాం. రౌటర్ మీద ఎర్ర లైటు వెలగ్గానే అందరం ఫోన్లు పక్కన పడేస్తాం.

మాకు ఇది పుస్తకంలో విషయం కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, అన్నీ అక్టోబరులోనే. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువ భాగం వేసిందే కరెంటు స్తంభాల మీదుగా. ఖర్చు తక్కువ, పల్లెలకి త్వరగా చేరింది, ఆ ఆలోచనని నేను తప్పుపట్టను. కానీ స్తంభం పడితే కరెంటూ నెట్టూ జంటగా పోతాయి. కరెంటు ఇన్వర్టర్‌తోనో జనరేటర్‌తోనో కొంత సర్దుకోవచ్చు. నెట్‌కి జనరేటర్ లేదు. పిల్లల పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, ఊళ్ళో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళకి కావాల్సిన ఫోన్ నంబర్లు, అన్నీ ఎక్కడో క్లౌడ్‌లో ఉంటాయి, మనం నిజం మేఘాల కింద ఉంటాం.

పోయిన వేసవిలో మేం నలుగురం కలిసి మండలంలో ఒక ఊళ్ళో చిన్న ప్రయత్నం చేశాం. ఎవరో పారేద్దామనుకున్న డ్యూయల్ కోర్ డెస్క్‌టాప్, దానిమీద లినక్స్, కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్. కివిక్స్ ఏం చేస్తుందంటే, వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దింపుకుని నెట్ లేకుండా చదువుకోనిస్తుంది, పక్క ఫోన్లకి కూడా వడ్డిస్తుంది. మన తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, ఇన్నేళ్ళుగా ఎందరో కూర్చుని రాసింది ఒక పాత డబ్బాలో సరిపోయింది. దాంతోపాటు హైస్కూల్ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు. మెషిన్‌కి 192.168.1.10 ఇచ్చాం. అరుగుమీద కూర్చున్న తాత ఒకాయన కాసేపు చూసి, "నెట్టే నేకపోతే ఈ పెట్టె ఏటి సేస్తాదిరా?" అన్నాడు. "తాతా, నెట్టు తీగ పీకేస్తాను, చూడు" అని పీకేసి, ఆయన మనవరాలి ఫోన్లోనే శ్రీకాకుళం జిల్లా పేజీ తెరిపించాం. ఆయన ఫోన్ చూళ్ళేదు, పీకిన తీగ వైపే చూశాడు. "అయితే సర్వరు ఇదేనేటి?" అన్నాడు.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. వైఫైలో నెట్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ తనంతట తాను మొబైల్ డేటాకి మారిపోతుంది, అప్పుడు 192.168.1.10 తెరుచుకోదు. 'ఇంటర్నెట్ లేదు, అయినా ఇందులోనే ఉంటారా' అని అడిగినప్పుడు ఉంటాం అనాలి, లేదా డేటా ఆపాలి. ఇది గోడమీద తెలుగులో రాసి అంటించాం. నంబరుకి బదులు డాట్ లోకల్ పేరు పెట్టొచ్చు కదా అని మీలో కొందరికి వచ్చుంటుంది. పాత ఫోన్లు ఆ పేర్లని గుర్తుపట్టవు. మా ఊళ్ళలో పాత ఫోన్లే ఎక్కువ.

ఇప్పుడు మన సీనియర్లతో నాకున్న పేచీ. వాళ్ళు చెప్పేది: "మెషిన్‌లో మాన్యువల్‌గా ఎందుకు, రౌటర్‌లోనే రిజర్వేషన్ పెట్టు, అదే ప్రొఫెషనల్ పద్ధతి." రిజర్వేషన్ అంటే ఫలానా కార్డుకి ఎప్పుడూ ఫలానా అడ్రసే ఇవ్వమని రౌటర్‌కి రాసివ్వడం. ఆఫీసులకి, మన కాలేజీకి అది మంచిదే, ఒప్పుకుంటాను. అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. కానీ పల్లెలో ముందు పోయేది రౌటరే. వోల్టేజీ ఎగిరినా, పిడుగు పడినా అదే కాలిపోతుంది. కొత్తది తెచ్చి తగిలించే మనిషికి మీ రిజర్వేషన్ సంగతి ఏం తెలుస్తుంది? దానితోపాటే అదీ పోతుంది. మెషిన్‌లో రాసుకున్నది మెషిన్‌తోనే ఉంటుంది.

దీనికీ ఒక లోపం ఉంది, దాచను. కొత్త రౌటర్ 192.168.1 బదులు 192.168.0తో వస్తే మన మెషిన్ ఒక వీధిలో, ఫోన్లన్నీ ఇంకో వీధిలో ఉండిపోతాయి. అందుకని నెట్ కంపెనీ పెట్టెని నమ్ముకోకుండా, మన సొంత వైఫై రౌటర్ ఒకటి పెట్టుకుని, కంపెనీ తీగని దాని వాన్ రంధ్రంలో గుచ్చాం. లోపల రెండువైపులా ఒకే వరస అడ్రసులు రాకుండా మాత్రం చూసుకోవాలి. అప్పుడు బయటి పెట్టె ఎన్నిసార్లు మారినా లోపలి ఊరు మారదు. చాలా చిన్న రౌటర్లు 12 వోల్టుల మీదే నడుస్తాయి, బ్యాటరీ మీద కూడా గంటలకొద్దీ లాగుతాయి.

పట్టా అన్నాను కాబట్టి పట్టా తగాదా గురించి కూడా చెప్పాలి. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరికి కాగితాలుంటే ఏమౌతుందో మన జిల్లాలో చెప్పనక్కర్లేదు. మీరు మెషిన్‌కి 192.168.1.105 అని రాసుకున్నారు, రౌటర్‌కి ఆ సంగతి తెలీదు, అది 100 నుంచి 199 వరకు కౌలుకిస్తోంది. ఏదో ఒకరోజు 105ని ఎవరి ఫోన్‌కో ఇస్తుంది. అప్పట్నుంచి ఒకసారి పేజీ వస్తుంది, ఒకసారి రాదు. ఇలాంటి రోగం పట్టుకోవడం మహా కష్టం, అందరూ వైరు మీద అనుమానపడతారు. అందుకే ముందు రౌటర్ ఏ అంకెల మధ్య కౌలుకిస్తోందో చూసి, దానికి బయట అంకె తీసుకోవాలి. మేం 10 తీసుకున్నది అందుకే. 0, 255 తీసుకోకూడదని మీకు తెలుసు, పరీక్షలో రాశారుగా.

"అందరి చేతిలో డేటా ఉంది, ఈ పాతకాలం గోల ఎందుకు" అంటారు కొందరు. ఆ మాట అనేవాళ్ళ ఊళ్ళో టవర్ పడిపోయి ఉండదు. కేరళలో ప్రభుత్వ బడుల్లో కైట్ సంస్థ తయారుచేసిన లినక్స్‌నే వాడుతున్నారు, అక్కడి పిల్లలకి ఇవి వింత కాదు. మన దగ్గర హైదరాబాద్ నుంచి స్వేచ్ఛ వాళ్ళు తెలుగులో లినక్స్ తెచ్చారు, ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు నడిపారు. కాలేజీల దాకా వచ్చింది. కాలేజీ నుంచి ఊరి దాకా తీసుకెళ్ళే బస్సు మనం ఎక్కాలి.

మేం పెట్టిన మెషిన్‌కి నా దృష్టిలో ఇంకా పెద్ద లోటు ఒకటుంది. అది సాంకేతికం కాదు. మేం నలుగురం వచ్చేశాక దాన్ని చూసేవాళ్ళు లేరు. అడ్రసు, పాస్‌వర్డ్, రౌటర్ కౌలు అంకెలు, ఏ రోజు ఏం మార్చామో ఒక రూళ్ళ నోటుబుక్కులో తెలుగులో రాసి సీపీయూ పక్కన దారంతో కట్టాం. తొమ్మిదో తరగతి చదివే ఇద్దరు అమ్మాయిలకి గళ్ళు నింపడం నేర్పాం, వాళ్ళు మనకన్నా త్వరగా పట్టుకున్నారు. వచ్చే ఏడాది వాళ్ళు టెన్త్, తర్వాత ఎక్కడికో చదువుకి వెళ్తారు. ఆపైన నోటుబుక్కు ఎవరు తీస్తారో చూడాలి.

దసరా సెలవుల్లో మళ్ళీ వెళ్తున్నాం. సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు మన క్లబ్బులో ఎవరున్నా, ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే చెప్పండి. పెన్‌డ్రైవ్ నేను తెస్తాను. అక్టోబరులోపు అయితే మంచిది.